పాత జీపు కొనేముందు దాని ఇంజిన్ చరిత్ర చదవాలి

ఈ రోజు నా వెనకాల కనిపిస్తున్నది ఒక పాత డీజిల్ జీపు. చదివేవాళ్ళ కోసం చెప్తున్నా, ముదురాకుపచ్చ రంగు, పైన టాపు లేదు, ముందు బంపర్ కొంచెం వంగి ఉంది. దీన్ని కొని, ఇంజిన్ విప్పించి, మళ్ళీ బిగించేసరికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో నేను నేర్చుకున్నది మెకానిజం కన్నా చరిత్రే ఎక్కువ.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. మాది ఇస్మాయిల్‌ఖాన్‌పేట. మా నాన్న చాలా ఏళ్ళు సంగారెడ్డి రోడ్డు మీద ప్యాసింజర్ జీపు నడిపారు. లోపల పదిమంది, వెనక వేలాడేవాళ్ళు నలుగురు. ప్రమాదమే, కానీ బస్సు రాని ఊళ్ళకి అదే దిక్కు. తర్వాత ఆటోలు వచ్చాయి, జీపు అమ్మేశారు. ఇప్పుడాయనకి డెబ్భై ఐదు దాటాయి. "ఒక్కసారి మళ్ళా స్టీరింగ్ పట్టుకుంటే బాగుండు రా" అని ఓ రోజు అన్నారు. అక్కణ్ణుంచి మొదలైంది వెతుకులాట.

మొదట మా ఊరి పక్కనే ఒక షెడ్డులో ఒకటి దొరికింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది, సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అయింది. నేను అడ్వాన్స్ ఇవ్వబోతుంటే నాతో వచ్చిన ఉస్తాద్ ఆపారు. "తమ్మీ, జర ఆగు. ఆర్సీ తియ్యి." ఆర్సీలో పెట్రోల్ అని ఉంది. బానెట్ లేపితే లోపల డీజిల్ ఇంజిన్. నంబరు కూడా వేరే. అమ్మేటాయన "అందరు గిట్లనే తిప్పుతున్నరు అన్నా" అన్నాడు. మరి పెట్రోల్ బండిలోకి డీజిల్ ఇంజిన్ ఎందుకు వచ్చింది? అది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1940లో అమెరికా సైన్యం తేలికపాటి, నాలుగు చక్రాలూ లాగే బండి కావాలని కంపెనీలని అడిగింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ కోసం కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజినీరు రెండు రోజుల్లో నమూనా గీశాడు. కానీ ఆర్డర్లలో ఎక్కువ భాగం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకి పోయింది. యుద్ధం ముగిసేలోపు ఆ రెండూ కలిసి ఆరు లక్షలకి పైగా జీపులు చేశాయి. అన్నీ పెట్రోల్‌వే.

మన దేశానికి వద్దాం. 1945లో మహీంద్రా సోదరులు, మాలిక్ గులాం ముహమ్మద్ కలిసి మహీంద్రా అండ్ ముహమ్మద్ అనే ఉక్కు వ్యాపారం పెట్టారు. ఈ గులాం ముహమ్మద్ మనకి పరాయివాడేం కాదు, మన నిజాం సర్కారులో ఆర్థిక వ్యవహారాలు చూసినాయన. దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్ళి అక్కడ తొలి ఆర్థిక మంత్రి అయ్యారు. 1948లో ఇక్కడి కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్ళలోనే వాళ్ళు బొంబాయిలో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టారు.

1952 అక్టోబర్ 2న సమాజ వికాస పథకం వచ్చింది. బ్లాకులు, బ్లాకు అధికారులు, వాళ్ళకి జీపులు. మట్టి రోడ్లు, వాన పడితే అంటుకుపోయే నల్లరేగడి. ఊళ్ళోకి జీపు వచ్చిందంటే సర్కారు వచ్చిందనే లెక్క. ఆ జీపులు పాతబడ్డాక వేలానికి వచ్చేవి. వేలంలో కొన్నవాళ్ళు వాటిని ఊళ్ళ మధ్య తిప్పారు. మన సెకండ్ హ్యాండ్ జీపుల కథ అక్కడే మొదలైంది.

ఇక అసలు మలుపు 1973. అరబ్బు దేశాలు చమురు బిగపట్టాయి. కొద్ది నెలల్లోనే పీపా ధర సుమారు మూడు డాలర్ల నుంచి పన్నెండుకి దగ్గరగా పోయింది. పెట్రోల్ జీపు నడపడం తలకి మించిన భారమైంది. డీజిల్ చవక. మహీంద్రా వాళ్ళు తమ దగ్గరున్న ఇంటర్నేషనల్ ట్రాక్టర్ డీజిల్ ఇంజిన్‌ని జీపుకి బిగించారు. 1980ల్లో ఫ్రాన్స్‌కి చెందిన పూజో డిజైన్ ఇంజిన్, 2112 సీసీది, వచ్చింది. కంపెనీ చేసిన పనినే షెడ్డుల్లో మెకానిక్కులూ చేశారు. పాత పెట్రోల్ ఇంజిన్ దింపెయ్యి, దొరికిన డీజిల్ ఎక్కించు. బతకడానికి చేసుకున్న మార్పు అది, తప్పు పట్టలేం. కానీ చాలామంది ఆ మార్పుని ఆర్సీలో రాయించుకోలేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇంజిన్ మారిస్తే ఆర్సీలో నమోదు చేయించాలి. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. నంబర్లు కలవకపోతే అక్కడే ఆగిపోతాం.

అందుకే ఆ ముచ్చటైన బండిని వదిలేశాను. మనసు ఒప్పలేదు, నిజం చెప్తున్నా.

రెండోది ఇదే. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రెండూ ఆర్సీతో కలిశాయి. కానీ ఇంజిన్ రోగిష్టిది. తెల్లపొగ, కాసేపు నడిస్తే వేడి. ఉస్తాద్ చల్లటి ఇంజిన్‌కి రేడియేటర్ మూత తీయించి స్టార్ట్ చేయమన్నారు. నీళ్ళలో బుడగలు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు పోసిన చాయ్ రంగులో ఉంది. "హెడ్ గ్యాస్కెట్ పోయింది, నీళ్ళు ఆయిల్‌ల కలుస్తున్నయ్" అన్నారు. ఆ మాట చెప్పే బేరం తగ్గించుకున్నాం.

హెడ్ విప్పి, స్టీలు స్కేలు పెట్టి ఫీలర్ గేజ్‌తో చూస్తే మధ్యలో వంగి ఉంది. పటాన్‌చెరులో లేత్ షాపుకి తీసుకెళ్ళి ఫేసింగ్ చేయించాం. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, ఆ తర్వాత పటాన్‌చెరు కార్ఖానాలు, జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్, 1984లో ఎద్దుమైలారంలో యుద్ధ వాహనాల ఫ్యాక్టరీకి పునాది. ఇన్ని వచ్చిన పట్టీ ఇది. పెద్ద కార్ఖానాల నీడన చేయి తిరిగిన పనివాళ్ళు పెరిగారు. నా హెడ్‌ని సాపు చేసిన పెద్దమనిషి కూడా అట్లాంటాయనే.

కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టులు మధ్య నుంచి బయటికి, మూడు విడతలుగా టార్క్ రెంచ్‌తో బిగించారు. హీటర్ ప్లగ్గులు రెండు కాలిపోయి ఉంటే మార్చాం. ఇక నేను బండి తీసుకుపోదామనుకుంటే ఉస్తాద్ మళ్ళీ ఆపారు. "గ్యాస్కెట్ ఎందుకు పోయిందో చూడొద్దా?" రేడియేటర్ విప్పితే సగం గొట్టాలు తుప్పుతో మూసుకుపోయి ఉన్నాయి. పాత యజమాని ఎన్నాళ్ళో బోరు నీళ్ళు పోశాడు. అది బాగుచేయకుండా ఎన్ని గ్యాస్కెట్లు వేసినా మళ్ళీ పోయేవే.

కొనాలనుకునేవాళ్ళకి నా మాట ఒక్కటే. ఇంజిన్ చెడితే బాగు చేసే చేతులు మన దగ్గర ఇంకా ఉన్నాయి. కాగితం చెడిన బండిని మాత్రం ఏ ఉస్తాదూ విప్పి బిగించలేడు. ముందు నంబరు, తర్వాత పొగ, ఆఖర్న రంగు చూడండి.

పోయిన ఆదివారం నాన్న స్టీరింగ్ పట్టారు. ఊరి బయట చెరువు కట్ట దాకా వెళ్ళి వచ్చాం. దిగాక రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూసి, "వేడెక్కలే" అన్నారు. అంతే.