ఆరుబయలు తైలచిత్రము

సాయంకాలమున సత్యవేటి పొలిమేరను నిలిచి పడమటనున్న నాగలాపురపు కొండలను చూచువారికి నేను చెప్పబోవు విషయము కొంత తెలిసినదే. సూర్యుడు క్రిందికి జాఱుకొలది పచ్చని కొండవాలు నీలమగును, నీలము ధూమ్రమగును, చెఱువునీట మెఱసిన బంగారుచాయ చూచుచుండగనే మాయమగును. ఆఱుటకు దినములు పట్టెడి నూనెరంగులతో, నిమిషమైన నిలువని యీ వెలుగును పట్టుట యెట్లు? చిత్రకారులు దీనికి చెప్పిన సమాధానముల కథయే నేటి ప్రసంగము.

నూనెరంగుల పని చిరకాలము ఇంటిలోని పనిగానే యుండెను. రంగుపొడిని అవిసెనూనెతో నూఱి పందిమూత్రాశయపు తిత్తులలో దాచెడివారు. తిత్తికి చిల్లు పొడిచినంతట లోని రంగు గట్టిపడ నారంభించును. అట్టిదానిని కొండలకును అడవులకును మోసికొనిపోవుట కష్టము. 1792లో మద్రాసునుండి దక్షిణదేశ సంచారమునకు వెడలిన థామస్ డేనియల్, అతని సోదరుని కుమారుడు విలియం, దృశ్యములను దారిలో పెన్సిలుతో గీసికొనిరి. వారి తైలచిత్రములలో పెక్కులు ఇంగ్లండునకు మరలిన పిమ్మట గదిలో వ్రాయబడినవే. ఆకారములు కండ్లయెదుట గీసినవి. వెలుగు మాత్రము జ్ఞాపకమునుండి తెచ్చినది.

1841లో జాన్ గాఫ్ రాండ్ అను అమెరికా చిత్రకారుడు తగరపు గొట్టమునకు పేటెంటు పొందెను. వలసినంత రంగు పిండి, మూత బిగించి, సంచిలో వేసికొని పోవచ్చును. ఈ చిన్న గొట్టము చిత్రకారుని గది దాటించినది. 1890-91లో ఫ్రాన్సునందు క్లాడ్ మోనే గడ్డివాములను చిత్రించుచు, వెలుగు మాఱినప్పుడెల్ల పటమును మార్చి, తిరిగి అట్టి వెలుగు వచ్చినప్పుడు మొదటి పటమును చేపట్టెను. గడ్డివామి నెపమాత్రము, ఆయన వ్రాసినది వేళను.

మన దేశమున నీ చూపు గలవారిలో రాజమహేంద్రవరపు దామెర్ల రామారావుగారు స్మరింపదగినవారు. 1897లో జన్మించిన వీరిని ఆర్ట్సు కాలేజి ప్రిన్సిపాలు ఆస్వాల్డు కూల్డ్రే గుర్తించి ప్రోత్సహించెను. బొంబాయి జె.జె. కళాశాలలో శిక్షణ పొంది, స్వస్థలమునకు మరలి చిత్రకళాశాలను నెలకొల్పిరి. నీటిరంగులను, తైలవర్ణములను రెంటిని వాడిరి. పురాణ కథలతోపాటు గోదావరిని, తూర్పుకనుమలను గూడ చిత్రవస్తువులుగా గైకొనిరి. తెలుగుగడ్డ తనంతట తానే చిత్రింపదగినదని చూపిరి. కాని 1925లో మశూచికము సోకి, ఇరువదియెనిమిదేండ్లైన నిండకయే కీర్తిశేషులైరి. ఆయన పేర వెలసిన చిత్రశాల రాజమహేంద్రవరమున గలదు.

ఆ త్రోవలో నడువగోరువారు ఒక భేదము గమనింపవలెను. ఉత్తర యూరపు దేశములలో సూర్యుడు ఏటవాలుగ దిగును గాన సంజ చాలసేపు నిలుచును. మన సీమలో సూర్యుడు ఇంచుమించు నిట్టనిలువున దిగును. సంజ త్వరగా ముగియును. మధ్యాహ్నమన్ననో నీడలు కాళ్లక్రిందికి ముడుచుకొనును, రంగులు వెలవెలబోవును. ఉత్తరదేశపు చిత్రకారునకు దొరకిన తీఱిక మనవానికి దొరకదు.

కావున పలక చిన్నదిగా నుండవలెను. మొదట నీడల యెల్లలను గుర్తించి, వెలుగెంత మాఱినను వానిని కదల్పరాదు. నీడ జరిగినకొలది బొమ్మను జరుపువాడు ఒక పటముపై రెండు సూర్యులను నిలుపును. వేళ దాటినంతట కుంచె కడిగి లేచి, మఱునాడు ఆకాశ మట్లేయున్నచో ఆ వేళకే మరలి రావలెను.

ఈ నియమము తెలిసిన బాలు డొకడు సత్యవేటి చెఱువుగట్టున చిన్న పలకతో కూర్చుండిన చాలును. ఆ కొండలు పడమటనే యున్నవి. సాయంకాలము ప్రతిదినము వచ్చును. ఏనాటి వెలుగు ఆనాటిదే.