పాండా నాన్న గొంతు: జేమ్స్ హాంగ్ జీవితం

‘కుంగ్ ఫూ పాండా’ సినిమా మన బళ్లో చాలామంది చూసే ఉంటారు. అందులో పో అనే పాండాను పెంచిన తండ్రి ఒక బాతు. పేరు మిస్టర్ పింగ్. నూడుల్స్ అంగడి నడుపుతుంటాడు. ఇంగ్లీషులో ఆ బాతుకు గొంతు ఇచ్చిన నటుడు జేమ్స్ హాంగ్. 2008లో ఆ సినిమా వచ్చేసరికి ఆయన వయసు 79 ఏళ్లు. అప్పటికి ఆయన నటించడం మొదలుపెట్టి యాభై ఏళ్లు దాటింది. మరి ఇంతకాలం ఆయన ముఖం మనకెందుకు తెలియలేదు? దానికి జవాబు వెతికితే అమెరికా చరిత్రే బయటపడింది.

రైలు మార్గాలు వేయడానికి, గనుల్లో పని చేయడానికి చైనావాళ్లు 19వ శతాబ్దంలో అమెరికాకు వెళ్లారు. పని అయ్యాక వాళ్లమీద ద్వేషం పెరిగింది. 1882లో చైనా కూలీలు దేశంలోకి రాకుండా ఒక చట్టమే చేశారు. అది 1943 దాకా నడిచింది. తీసేసిన తర్వాత కూడా ఏడాదికి 105 మందినే రానిచ్చారు. ఆ చట్టం అమల్లో ఉన్న రోజుల్లోనే, 1929 ఫిబ్రవరి 22న, మినియాపొలిస్ ఊళ్లో జేమ్స్ హాంగ్ పుట్టారు. చిన్నప్పుడు కొన్నేళ్లు హాంకాంగ్‌లో చదివి, మళ్లీ అమెరికా వచ్చారు. తర్వాత సివిల్ ఇంజనీరింగ్ చదివారు. కొరియా యుద్ధకాలంలో సైన్యంలో ఉన్నారు. లాస్ ఏంజిల్స్‌లో రోడ్ల ఇంజనీరుగా ఉద్యోగం కూడా చేశారు.

కానీ మనసంతా నటన మీదే. 1954లో గ్రౌచో మార్క్స్ నడిపే టీవీ కార్యక్రమంలో పేరున్న నటుల గొంతులు అనుకరించి జనాన్ని నవ్వించారు. అలా అవకాశాలు మొదలయ్యాయి. కానీ ఎలాంటి పాత్రలు? వంటవాడు, బట్టలు ఉతికేవాడు, పనివాడు, లేకపోతే దొంగ, గూఢచారి. కథలో చైనా మనిషి ముఖ్యుడైతే ఆ వేషం తెల్లవాళ్లకే పోయేది. 1937లో వచ్చిన ‘ది గుడ్ ఎర్త్’ పూర్తిగా చైనా రైతుల కథ. అందులో నాయకుడు, నాయిక ఇద్దరూ తెల్లవాళ్లే. నాయికకు ఆస్కార్ కూడా వచ్చింది. 1957లో చార్లీ చాన్ అనే చైనా డిటెక్టివ్ కథలు టీవీలో వచ్చాయి. చార్లీగా వేసింది ఐర్లండ్ సంతతి నటుడు జె. క్యారల్ నైష్. ఆయన కొడుకుగా వేసింది మాత్రం జేమ్స్ హాంగ్! తండ్రి దొంగ చైనావాడు, కొడుకు అసలు చైనావాడు. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఆయనకెలా ఉండిందో!

ఈ కథ ఇంట్లో చెప్తే అమ్మ ఒక ప్రశ్న అడిగింది: “అట్లాంటి వేషాలు ఎందుకు ఒప్పుకున్నాడప్పా? వద్దని చెప్పొచ్చు గదా?” మంచి ప్రశ్నే. నేను చాలాసేపు ఆలోచించాను. వద్దంటే ఆ చిన్న వేషం కూడా ఉండదు. తెర మీద ఆ ముఖమే కనిపించదు. ఒప్పుకుని ఊరుకుంటే ఏమీ మారదు. జేమ్స్ హాంగ్ మూడో దారి పట్టారు. దొరికిన వేషం బాగా వేస్తూనే, తమవాళ్ల కోసం వేరే వేదిక కట్టారు.

1965లో మాకో, బ్యూలా కువో వంటి వాళ్లతో కలిసి, మొత్తం తొమ్మిది మంది, లాస్ ఏంజిల్స్‌లో ‘ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్’ అనే నాటక సంస్థ పెట్టారు. మొదట్లో ఒక చర్చి నేలమాళిగే వాళ్ల నాటకశాల. వాళ్ల మొదటి నాటకం ‘రషోమాన్’. అక్కడ ఆసియా సంతతి నటులు రాజు వేషం వేయొచ్చు, ప్రేమికుడి వేషం వేయొచ్చు, ఏడవొచ్చు, కోప్పడొచ్చు. ఎన్నో తరాల నటులు, రచయితలు అక్కడ తయారయ్యారు. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది.

1991లో ‘సైన్‌ఫెల్డ్’ అనే హాస్య ధారావాహికలో ఆయన చైనా హోటల్లో బల్లలు కేటాయించే మనిషిగా వేశారు. “ఐదు పది నిమిషాలు” అంటూ అందరినీ నిలబెట్టే ఆ వేషం అమెరికావాళ్లు ఇంకా మర్చిపోలేదు. హాలీవుడ్ వీధిలో నటుల పేర్లతో నక్షత్రాలు ఉంటాయి. ఆయన పేరు మాత్రం లేదు. 2020లో డేనియల్ డే కిమ్ అనే నటుడు చందాలకు పిలుపిస్తే, కావలసిన 55,000 డాలర్లు కొద్దిరోజుల్లోనే జమ అయ్యాయి. 2022 మే నెలలో ఆ నక్షత్రం వేశారు. అప్పటికి ఆయనకు 93 ఏళ్లు. మరుసటి ఏడాది ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’ బృందానికి నటుల సంఘం అవార్డు వచ్చింది. ఆ వేదిక మీద ఆయన పాత రోజులు గుర్తుచేశారు. తెల్ల నటులు కళ్లకు టేపు అంటించుకుని చైనావాళ్లుగా వేసేవాళ్లని చెప్పి, ఇప్పుడు మమ్మల్ని చూడండి అన్నారు.

రాజుల కథ వదిలి ఈయన కథ ఎందుకు రాశానంటే, మేము హోసూరు వైపు తెలుగువాళ్లం. ఇక్కడ మమ్మల్ని తెలుగోళ్లంటారు. చుట్టాలింటికి చిత్తూరు పోతే మా తెలుగులో తమిళం ఉందని నవ్వుతారు. మా కష్టం, వాళ్ల కష్టం ఒకటని నేను అనను. మమ్మల్ని రావద్దని ఎవరూ చట్టం చేయలేదు. అయినా మన గొంతు చూసి ఎవరైనా నవ్వినప్పుడు ఏం చేయాలో ఆయన్నుంచి నేర్చుకోవచ్చు. ఆయన గొంతు దాచుకోలేదు. నవ్వినవాళ్లతో పోట్లాడుతూ కూర్చోలేదు. నలుగురిని కూడగట్టి ఒక నాటకం వేశారు.

మన బళ్లోనూ వేదిక ఉంది, వేషం వేసే పిల్లలూ ఉన్నారు. వచ్చే వార్షికోత్సవానికి, పుస్తకంలోని తెలుగు కాకుండా మన ఇళ్లలో మాట్లాడే తెలుగులోనే ఒక నాటకం రాసి వేద్దామని నా కోరిక. కలిసి రాసేవాళ్లు ఎవరైనా ఉంటే నాతో చెప్పండి.