బడిలో అఫ్తోనియస్: గ్రీకు వక్తృత్వశాస్త్రం మిగిల్చిన అభ్యాసాలు

గ్రీకు వక్తృత్వశాస్త్రం అనగానే చూపు అరిస్టాటిల్ 'రెటొరిక్' మీదికి పోతుంది. వక్త శీలం, శ్రోత ఉద్వేగం, వాదనలోని తర్కం అనే మూడింటి మీద ఒప్పించే విద్యను నిలబెట్టిన ఆ గ్రంథం స్థాయి ఎవరూ కాదనలేనిది. అయితే శతాబ్దాల పాటు పిల్లల చేతుల్లో నలిగిన పుస్తకం అది కాదు. క్రీ.శ. 4వ శతాబ్దంలో వక్తృత్వ గురువు లిబానియస్ శిష్యుడు అఫ్తోనియస్ రాసిన చిన్న అభ్యాస పుస్తకం 'ప్రోజిమ్నాస్మటా'ది ఆ స్థానం. గ్రీకు వక్తృత్వ సిద్ధాంతం ఐరోపా చదువును మలిచింది ముఖ్యంగా ఇలాంటి అభ్యాసాల వల్లనేనని ఈ వ్యాసం ప్రతిపాదన.

ఈ విద్య మొదలు చూస్తే, క్రీ.పూ. 427లో వక్తృత్వం నేర్పే గోర్గియాస్ రాయబారిగా ఏథెన్సుకు వచ్చి తన మాటలతో ఊరిని ముగ్ధం చేశాడు. ఏ విషయంలోనైనా పరస్పర విరుద్ధమైన రెండు వాదాలు ఉంటాయన్నది ప్రొటాగరస్ బోధ. ప్లేటో ఒప్పించే ఈ విద్యను వంటపనితో పోల్చి తీసిపారేశాడు. ఇసోక్రటీస్ మాత్రం పుట్టుకతో వచ్చిన ప్రతిభకు సాధన తోడు కావాలంటూ క్రీ.పూ. 390 ప్రాంతంలో ఏథెన్సులోనే బడి పెట్టాడు. తర్వాతి తరాల చదువు మీద ప్లేటో కంటే ఇసోక్రటీస్ ముద్రే బలమైనదని ఫ్రెంచి చరిత్రకారుడు మారూ 1948లో వాదించాడు. అది సబబైన మాటే. కాకపోతే సాధన అంటే రోజువారీగా ఏం చేయించేవారో స్పష్టంగా తెలిసేది ఆ తర్వాతి అభ్యాస పుస్తకాల్లోనే.

అఫ్తోనియస్ పుస్తకంలో పద్నాలుగు అభ్యాసాలున్నాయి. నీతికథతో మొదలై, ఒక చట్టాన్ని సమర్థించడమో ఎదిరించడమో దగ్గర ముగుస్తాయి. మూడోది సూక్తి విస్తరణ. చదువు వేరు చేదుగా, పండు తీపిగా ఉంటుందని ఇసోక్రటీస్ పేర ప్రచారంలో ఉన్న మాటను తీసుకుని, చెప్పినవాణ్ణి మెచ్చుకోవడం, మాటను తిరగరాయడం, కారణం చూపడం, దానికి విరుద్ధమైనది చెప్పడం, పోలిక తేవడం, డెమోస్తనీస్ జీవితాన్ని ఉదాహరణగా చూపడం, కవి హెసియడ్ సాక్ష్యం పలకడం, చివర రెండు మాటలతో ముగించడం – ఇలా ఎనిమిది మెట్లు.

నా దృష్టిలో పుస్తకానికి ఆయువుపట్టు ఖండన, సమర్థనల జంట. రెండింటికీ వస్తువు ఒకటే, అపోలో తరమగా చెట్టయిపోయిన డాఫ్నీ కథ. ఆమె భూదేవికీ లాడన్ నదికీ పుట్టిందంటారు. నదికి మనిషి ఎలా పుడుతుంది? పుట్టినా ఎక్కడ పెరిగింది, నీటిలోనా, నేలలోనా? దేవుడు మోహానికి లొంగడమేమిటి, పరుగులో ఆడపిల్ల చేతిలో ఓడడమేమిటి? ఖండన ఇలా సాగుతుంది. పేజీ తిప్పగానే సమర్థన. లోకంలో ఉన్నదంతా నేల, నీరుల నుంచే పుట్టినప్పుడు డాఫ్నీ పుట్టుకలో వింతేముంది? కుర్రవాడు ఏది నమ్మాడన్నది గురువుకు పట్టదు, రెండు పక్షాలనూ ఒకే బలంతో నిలబెట్టాలి. ప్రొటాగరస్ బోధ ఇక్కడ ఇంటిపాఠం అయిపోయింది.

ఈ చదువులో యాంత్రికత లేదనలేం. ఈజిప్టులో దొరికిన 3వ శతాబ్దపు చెక్కపలక ఒకదాని మీద, పైథాగరస్ శిష్యులకు మాంసం మానమని చెప్పాడన్న వాక్యాన్ని విద్యార్థి వరుసగా విభక్తులన్నిటిలోకీ మార్చుకుంటూ పోయాడు. ఏకవచనంతో ఆగక ద్వివచనం, బహువచనం కూడా రాశాడు. పైథాగరస్‌లు ఇద్దరు ఎలా అవుతారని అడిగే ధైర్యం అతనికి ఉండకపోవచ్చు! పైగా ఈ బడులు ప్రధానంగా కలిగినవారి కొడుకులవి. రోమన్ చక్రవర్తుల కాలానికి ఏథెన్సు నాటి సభకున్న అధికారం కూడా లేదు. అయినా న్యాయవాదులు, అధికారులు కావలసి ఉన్నందున అభ్యాసాలు నిలిచాయి. క్రీ.శ. 362లో జూలియన్ చక్రవర్తి క్రైస్తవులను ప్రాచీన గ్రంథాలు బోధించకుండా కట్టడి చేశాడంటే, ఈ చదువు ఎంత పలుకుబడి ఇచ్చేదో ఊహించవచ్చు.

లాటిన్ వ్యాకర్త ప్రిషియన్ 500 ప్రాంతంలో హెర్మోజనీస్ పేర ఉన్న ఇలాంటి పుస్తకాన్నే లాటిన్‌లోకి తెచ్చాడు. అఫ్తోనియస్‌కు లోరిక్ వ్యాఖ్యతో 1542లో వచ్చిన లాటిన్ ప్రతి మళ్లీ మళ్లీ అచ్చయింది. రెయినోల్డ్ 1563లో ఆ పద్ధతిని ఇంగ్లీషులోకి దించాడు. ఎరాస్మస్ 1512 నాటి పాఠ్యగ్రంథంలో, ఉత్తరం అందుకుని సంతోషించానన్న ఒక్క ముక్కనే వందకు పైగా తీరుల్లో రాసి చూపాడు. కేంబ్రిడ్జిలో మిల్టన్ పగలు గొప్పదా, రాత్రి గొప్పదా అన్న విషయం మీద లాటిన్‌లో ప్రసంగించాడు.

ఈ వరసకు తొలిదెబ్బ 16వ శతాబ్దపు ఫ్రెంచి తార్కికుడు రామూస్ కొట్టాడు. వాదనను వెతకడం, అమర్చడం తర్కానికి అప్పగించి, వక్తృత్వానికి శైలినీ ఉచ్చారణనూ మిగిల్చాడు. రెండు శతాబ్దాలకు ఎడింబరో ఆచార్యుడు బ్లెయిర్ ఉపన్యాసాలు అచ్చయ్యేనాటికి (1783) విద్యార్థి పనే మారింది. వాటిలో నాలుగు ఉపన్యాసాలు అడిసన్ 'స్పెక్టేటర్' వ్యాసాలు నాలుగింటిని వాక్యం వాక్యంగా తూచి చూడడానికే సరిపోయాయి. డాఫ్నీ కథకు రెండు వైపులా నిలబడి మాట్లాడవలసిన కుర్రవాడు, ఇప్పుడు అడిసన్ వాక్యంలో మాట పొందిక సరిగ్గా ఉందో లేదో చెబితే చాలు.