పాలు లేని పథ్యం పసిబిడ్డను నిలబెడుతుందా?

కలిగిరి అనగానే నెల్లూరు జిల్లాలో పదిమందికీ గుర్తొచ్చేది పొగాకు వేలం కేంద్రం. ఉదయగిరి, ఆత్మకూరు వైపు పొలాలు చాలామటుకు వాన మీద ఆధారపడ్డ మెట్ట. ఇలాంటి చోట బరువు తగ్గి నీరసించిన బిడ్డకు మందులాంటి తిండిని పప్పులు, చిరుధాన్యాలు, శనక్కాయలతో చవగ్గా తయారు చేయవచ్చా? 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో ఎత్తుకు తగ్గ బరువు లేనివారు 16.1 శాతం, వారిలో తీవ్రస్థితిలో ఉన్నవారు మొత్తం పిల్లల్లో 6 శాతం. కాబట్టి ప్రశ్న చిన్నదేమీ కాదు.

ఆలోచన కూడా కొత్తది కాదు. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్ బృందం క్వాషియార్కర్ (పోషకలోపంతో ఒళ్లు వాచే జబ్బు) ఉన్న పిల్లలకు శాకాహార మాంసకృత్తులతో చికిత్స చేసి 1956లో ఫలితాలు ప్రచురించింది. రెండేళ్లకు ఆ సంస్థ హైదరాబాదుకు తరలింది, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడి నుంచి వచ్చిందే ‘హైదరాబాద్ మిక్స్’: వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగలు 16, వేరుశనగ 10, బెల్లం 20. ఈ 86 గ్రాములకు 330 కేలరీలు, 11.3 గ్రాముల మాంసకృత్తులు. ధాన్యంలో కొరవడే లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని శనగ పూరిస్తుంది, శనగలో తక్కువైన మెథియోనిన్‌ను ధాన్యం ఇస్తుంది.

కానీ చిక్కు మాంసకృత్తుల్లో కన్నా కడుపు కొలతలో ఉంది. ఆరు కిలోల బిడ్డ కోలుకునే దశలో కిలోకు 175 కేలరీల చొప్పున రోజుకు 1,050 కేలరీలు కావాలి. పైన చెప్పిన పొడి అయితే దాదాపు 275 గ్రాములు. జావ కాస్తే మిల్లీలీటరుకు ఒక కేలరీ దగ్గరకు వస్తుంది, అంటే లీటరు పైచిలుకు. ఆ బిడ్డ కడుపు ఒక్కసారికి పట్టేది సుమారు 180 మిల్లీలీటర్లు. రోజుకు ఆరుసార్లు తినిపిస్తే గాని లెక్క తేలదు. కూలికి పోయే తల్లి ఆరుసార్లు ఎలా కాస్తుంది? పాలపొడి కలిపి చేసే 500 కేలరీల చికిత్సా ముద్ద ప్యాకెట్టు ఇక్కడే గెలుస్తుంది: అది 92 గ్రాములు, నీళ్లు కలపక్కర్లేదు, రోజుకు రెండు చాలు. మొలకెత్తించి ఎండబెట్టి విసిరిన రాగి పిండి కాస్త కలిపితే జావ పలచబడుతుంది, పైన నూనె పోస్తే బలం పెరుగుతుంది. మన అమ్మమ్మలకు రాగి మాల్టు తెలుసు. దాని వెనకున్న, జావను పలచబరిచే అమైలేజ్ ఎంజైము సంగతి తెలియకపోయినా పర్వాలేదు.

పాలు తీసేసిన ముద్దల మీద ఆఫ్రికాలో పరీక్షలు జరిగాయి. సోయా, మొక్కజొన్న, జొన్నలతో చేసిన దాన్ని జాంబియాలో పోల్చి చూసి 2015లో ప్రచురించారు. రెండేళ్లలోపు పిల్లల్లో అది పాలపొడి ముద్దకు సరిసాటి కాలేదు, పెద్దపిల్లల్లో దాదాపు సమానం. లోపించిన అమైనో ఆమ్లాలను విడిగా చేర్చాక మాలావిలో 2017 నాటి పరీక్షలో అది వెనకబడలేదు. అంటే శాకాహారం అసాధ్యం కాదు గాని, రెండేళ్లలోపు తీవ్ర బాధితుల్లో ఇంటి పిండిని పాలముద్దకు ప్రత్యామ్నాయమని చెప్పడానికి నేను వెనకాడతాను.

మన దేశంలో ఢిల్లీ, రాజస్థాన్, తమిళనాడుల్లో 906 మంది పిల్లలపై జరిగిన పరిశీలన 2016లో వచ్చింది. పదహారు వారాల్లో కోలుకున్నవారు, ఇక్కడే తయారైన ముద్దతో 56.9 శాతం, పరిశ్రమ నుంచి కొన్నదానితో 47.5, బలవర్ధకం చేసిన ఇంటి వంటతో 42.8. కొన్న ముద్దకూ ఇంటి వంటకూ తేడా గణాంకపరంగా నిలవలేదు. చికిత్స ఆగిన నాలుగు నెలలకు మూడింటి లాభమూ చాలామటుకు కరిగిపోయింది. నా దృష్టిలో ఈ వాక్యమే అసలు వార్త.

ఇక శనక్కాయ. కలిగిరి బిడ్డకు చేతికందే నూనెగింజ అదే, భయపడాల్సిందీ దాని బూజునే. మైసూరులో పోషకలోపం ఉన్న పిల్లలకు మందుగా పెట్టిన వేరుశనగ పిండిలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉందని తర్వాత బయటపడింది, వారిలో కాలేయం చెడిన సంగతి 1971లో ప్రచురితమైంది. కాయను ఎనిమిది శాతం తేమకు ఎండబెట్టడం, పుచ్చు, ముడుత గింజలు ఏరేయడం ఈ పథ్యంలో మొదటి మెట్టు. వడియాలు ఎండేసినంత శ్రద్ధ దానికీ పెట్టాలి.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం రెండున్నర కిలోల ప్యాకెట్టు, ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు. వేయించిన గోధుమ, శనగ, పాలపొడి, చక్కెర, నూనె అందులో ఉంటాయి. రోజుకు వంద గ్రాముల లెక్కన అది పాతిక రోజులకు సరిపోతుంది. ఇంట్లో ముగ్గురు పంచుకుంటే తొమ్మిదో రోజుకే అయిపోతుంది. ఏ తిండి పెట్టాలన్నా, జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల లోపున్న బిడ్డను ముందు వైద్యుడికి చూపించాలి. ఆకలి ఉండి వేరే జబ్బు లేకపోతేనే ఇంటి చికిత్స.

2021లో ఢాకా మీర్‌పూర్‌లో శనగ, సోయా, వేరుశనగ, పచ్చి అరటికాయలతో చేసిన తిండి, దానికన్నా ఎక్కువ కేలరీలున్న మామూలు పోషక ముద్దకంటే పిల్లల బరువును వేగంగా పెంచింది. పేగుల్లోని సూక్ష్మజీవులకు అనువుగా కుదిర్చిన తిండి అది. ఆ పిల్లలు మధ్యస్థ బాధితులు, వయసు ఏడాది నుంచి ఏడాదిన్నర, పరీక్ష మూడు నెలలు. ఈ నాలుగు పదార్థాల్లో మూడు ఉదయగిరి సంతలో దొరుకుతాయి, నాలుగోదైన సోయాకు ఇక్కడ కందిపప్పు ఎంతవరకు బదులవుతుందో తేల్చే పరీక్షను నేనైతే కలిగిరిలోనే మొదలుపెడతాను.