నిరీక్షణలో వలస: అమెరికాలోని తాత్కాలిక వీసా తెలుగు కుటుంబాల బెంగ, అసంతృప్తి

దేశం విడిచి వెళ్ళినవారిలో కలిగే ఇంటి బెంగ, చేరిన దేశంలో నెలకొనే అసంతృప్తి తరచుగా జంటగానే కనిపిస్తాయి కాబట్టి, వలసను అధ్యయనం చేసినవారిలో చాలామంది వాటిని ఒకే అనుభవానికి రెండు ముఖాలుగా చూశారు. అయితే ఈ రెండింటి స్వభావం వేరు. బెంగ అంటే విడిచి వచ్చిన మనుషుల కోసం, ఊరి కోసం, అలవాటైన మాట కోసం, తిండి కోసం మనసు పడే ఆరాటం. అసంతృప్తి అంటే చేరిన చోట బతుకు తన చదువుకూ శ్రమకూ తగినట్టు సాగడం లేదనే నిలకడైన భావన. మొదటిది చాలామందిలో కాలంతోపాటు మెత్తబడుతుంది. రెండవది కొన్ని వర్గాలలో ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసామీద, దానికి అనుబంధమైన హెచ్-4 వీసామీద జీవిస్తున్న తెలుగు కుటుంబాలలో ఈ రెండవదానికి మూలాలు వ్యక్తుల మనస్తత్వంలో కంటే చట్టంలో, అప్పులో, ఇంటివారి అంచనాలలో ఎక్కువగా ఉన్నాయనీ, కోరుకున్నప్పుడు వెనుదిరగగల స్వేచ్ఛ ఎంత ఉందన్నదే దాని తీవ్రతను ప్రధానంగా నిర్ణయిస్తున్నదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఇంటి బెంగను వైద్యశాస్త్ర విషయంగా తొలిసారి వివరంగా చర్చించినది 1688లో యోహానెస్ హోఫర్ అనే యువ వైద్యుడు బాసెల్ విశ్వవిద్యాలయంలో సమర్పించిన సిద్ధాంతవ్యాసం. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నుంచి బాసెల్‌కు చదువుకోసం వచ్చిన ఒక యువకుడు ఎడతెగని విచారంతో, జ్వరంతో క్షీణించి ప్రాణాపాయ స్థితికి చేరగా, వైద్యులు ఆశ వదులుకుని ఇంటికి పంపించడానికి సిద్ధమయ్యారనీ, ప్రయాణపు ఏర్పాట్లు చూడగానే అతనిలో చలనం వచ్చిందనీ, బెర్న్ చేరకముందే దాదాపు కోలుకున్నాడనీ హోఫర్ నమోదు చేశాడు. ఈ ఉదంతాన్ని తరువాతి రచయితలు సొంత గడ్డకున్న మహిమకు నిదర్శనంగా చెప్పుకున్నారు. నిజానికి అందులో గమనించవలసినది మరొకటి ఉంది. ఆ యువకుడిని స్వస్థపరచినది ఇల్లు కాదు, అతడు ఇంకా ఇల్లు చేరనేలేదు. ఇంటికి పోగలనన్న నిశ్చయమే అతనికి మందుగా పనిచేసింది. మూడు శతాబ్దాల తరువాత కూడా వలస మానసిక స్థితిపై వచ్చిన పరిశోధన ఈ అంశాన్ని తగినంతగా పట్టించుకోలేదు.

ఇరవయ్యో శతాబ్దపు పరిశోధన ప్రధానంగా కాలంమీద ఆధారపడింది. నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెరె లిస్‌గార్డ్, ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనంపై అమెరికాలో గడిపిన 200 మంది నార్వే వారిని పరిశీలించి 1955లో ప్రచురించిన వ్యాసంలో, ఆరు నెలలలోపు ఉన్నవారూ పద్దెనిమిది నెలలు దాటి ఉన్నవారూ బాగా సర్దుకున్నట్టు కనిపించారనీ, ఆ నడిమి కాలంలో ఉన్నవారిలోనే ఇబ్బంది ఎక్కువగా ఉందనీ తేల్చాడు. మొదట ఉత్సాహం, తరువాత కుంగుబాటు, మళ్ళీ పుంజుకోవడం అనే ఈ క్రమాన్ని మానవశాస్త్రవేత్త కాలెర్వో ఓబెర్గ్ 1960లో ‘సాంస్కృతిక ఆఘాతం’ అనే భావనతో, అంటే పరిచితమైన సంకేతాలన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోవడంవల్ల కలిగే కలవరమనే వివరణతో, మరింత ప్రచారంలోకి తెచ్చాడు. న్యూజీలాండ్‌లోని జపాన్ విద్యార్థులపై కొలీన్ వార్డ్ బృందం జరిపి 1998లో ప్రకటించిన అధ్యయనం ఈ క్రమాన్ని సవాలు చేసి, తొలి ఉత్సాహమన్నది అంత సార్వత్రికం కాదనీ, కలత ఎక్కువగా ఉండేది అడుగుపెట్టిన కొత్తలోనేననీ చూపింది. అయినా ఈ నమూనాలన్నిటిలో ఒక ఉమ్మడి ఊహ ఉంది: కాలం గడిచేకొద్దీ మనిషి సర్దుకుంటాడు. వారు పరిశీలించినవారు నిర్ణీత గడువుకు వచ్చి, గడువు తీరగానే తిరిగి వెళ్ళే విద్యార్థులు, పండితులు అన్న సంగతిని మరచి, ఆ ఊహను ఎప్పుడు ముగుస్తుందో తెలియని నిరీక్షణలో ఉన్నవారికి వర్తింపజేయడం సమంజసం కాదు.

వెనుదిరిగే స్వేచ్ఛ ఏమి చేయగలదో తెలుసుకోవడానికి రెండవ ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటన్ నుంచి ఆస్ట్రేలియాకు జరిగిన వలస మంచి పోలిక. పెద్దలకు పది పౌండ్ల రుసుముతో, పిల్లలకు ఉచితంగా ఓడ ప్రయాణం కల్పించిన ఆ పథకంకింద సుమారు పది లక్షల మంది వెళ్ళారు. రెండేళ్ళు ఉండకుండా వెనుదిరిగితే ప్రభుత్వం భరించిన ప్రయాణ ఖర్చును తిరిగి చెల్లించాలన్నది షరతు. భాష ఒకటే, రాజు ఒకడే, చట్టపరంగా దాదాపు ఏ ఆటంకమూ లేదు. అయినప్పటికీ వారిలో సుమారు నాలుగోవంతు మంది బ్రిటన్‌కు తిరిగి వెళ్ళిపోయారు. జేమ్స్ హామర్టన్, అలిస్టర్ థామ్సన్ ఆ వలసదారుల జ్ఞాపకాలను సేకరించి 2005లో ప్రచురించిన గ్రంథం చూపినట్టు, అలా వెళ్ళినవారిలో చాలామంది మళ్ళీ ఆస్ట్రేలియాకే వచ్చి స్థిరపడ్డారు. తాము బెంగపడిన ఊరు తాము వెళ్ళేసరికి మారిపోయిందని కళ్ళారా చూసుకున్నాకే వారికి కొత్త దేశం సొంతమైంది. అంటే వెనుదిరగడం వారి విషయంలో ఓటమి కాదు, తమ బెంగ నిజమెంతో తేల్చుకునే పరీక్ష. అమెరికాలోని తెలుగువారికి దొరకనిది సరిగ్గా ఈ పరీక్షే.

అమెరికాకు తెలుగువారి వలస ఒకే తీరున సాగలేదు. 1965 నాటి వలస చట్టం దేశాలవారీ పాత కోటాలను తొలగించడంతో ఆంధ్ర ప్రాంతపు వైద్య కళాశాలలనుంచీ, ఉస్మానియానుంచీ వెళ్ళిన డాక్టర్లు, ఇంజనీర్లు, ఆచార్యులు స్వల్పకాలంలోనే శాశ్వత నివాసానికి అర్హత పొందారు. 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) ఏర్పడటం, అదే దశకంలో పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరాలయం వెలయడం ఆ తరం వేళ్ళూనుకున్న తీరుకు గుర్తులు. వారికీ బెంగ ఉండేది. ట్రంక్ కాల్ కోసం, ఉత్తరం కోసం కాచుకున్న ఆ బెంగ ఒక విధంగా ఇప్పటికంటే తీవ్రమైనది కూడా. కాని తాము ఉండవచ్చునా ఉండకూడదా అన్న ప్రశ్న వారిని వేధించలేదు. 1990ల చివర కంప్యూటర్ రంగంతో మొదలైన రెండవ ప్రవాహం, హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణ కేంద్రాలమీదుగా, ఎం.ఎస్. చదువులమీదుగా సాగి, అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్యను 2010, 2017 సంవత్సరాల మధ్య 86 శాతం పెంచింది. సంఖ్యలో అంతగా పెరిగిన ఈ తరం చట్టం దృష్టిలో మాత్రం తాత్కాలికంగానే ఉండిపోయింది.

కారణం 1990 నాటి చట్టంలో ఉంది. ఉద్యోగం ఆధారంగా ఇచ్చే శాశ్వత నివాసపు అనుమతులను, అంటే గ్రీన్ కార్డులను, ఆ చట్టం ఏడాదికి సుమారు 1,40,000గా నిర్ణయించింది; ఆ లెక్కలోకి భార్యాపిల్లలూ వస్తారు. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా అందులో ఏడు శాతానికి మించి సాధారణంగా దక్కదు. హెచ్-1బీ వీసాకు మాత్రం ఇలాంటి దేశాలవారీ పరిమితి లేదు. ఇటీవలి సంవత్సరాలలో హెచ్-1బీ అనుమతులలో 70 శాతానికి పైగా భారతీయులకే వస్తున్నాయి. విశాలమైన ద్వారంగుండా లోనికి వచ్చినవారు ఇరుకైన ద్వారం ముందు వరుస కట్టక తప్పని స్థితి ఇలా ఏర్పడింది. దరఖాస్తు వరుసలో చేరిన రోజును ‘ప్రయారిటీ డేట్’ అంటారు. అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వెలువరించే వీసా బులెటిన్‌లో ఆ తేదీ వచ్చేవరకూ వేచి ఉండాలి. ఉన్నత విద్యావంతులకు ఉద్దేశించిన ఈబీ-2 విభాగంలో భారతీయుల తేదీ 2024 పొడుగునా 2012 సంవత్సరాన్ని దాటలేదు. పైగా తేదీ ముందుకే నడుస్తుందన్న భరోసా కూడా లేదు: 2022 సెప్టెంబరులో 2014 డిసెంబరు దాకా వచ్చినది అదే ఏడాది డిసెంబరుకల్లా 2011 అక్టోబరుకు వెనక్కి జరిగింది. దూరం ఎంతైనా తరుగుతూ ఉంటే మనిషి ఓర్చుకోగలడు. తరిగిన దూరం మళ్ళీ పెరిగే నిరీక్షణకు లిస్‌గార్డ్ చెప్పిన క్రమంలో చోటు లేదు.

ఈ నిరీక్షణ ఉద్యోగానికి కట్టుబడి ఉంటుంది. ఆరేళ్ళ పరిమితి దాటాక కూడా హెచ్-1బీని పొడిగించుకునే వీలును 2000 నాటి చట్టం కల్పించింది గాని, అది యజమాని దాఖలు చేసే దరఖాస్తుమీదే నిలిచి ఉంది. ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి 2017నుంచి అమలులో ఉన్న గడువు గరిష్ఠంగా అరవై రోజులు. ఇల్లు కొనుక్కుని, పిల్లలను బడిలో చేర్చి, పదిహేనేళ్ళు పన్నులు కట్టిన కుటుంబం సైతం రెండు నెలలలో సామాను సర్దుకోవలసి రావచ్చుననే ఎరుక 2022, 2023 సంవత్సరాలలో సాంకేతిక సంస్థలు వేలాది మందిని తొలగించినప్పుడు ఇంటింటికీ తెలిసివచ్చింది.

అన్నిటికంటే బాధాకరమైనది ఇంటికి వచ్చిపోవడమే ప్రమాదంగా మారడం. అమెరికాలో ఉంటూ వీసా స్థాయిని పొడిగించుకున్నవారు ఒకసారి దేశం దాటితే, పాస్‌పోర్టులో పాత వీసా గడువు తీరి ఉన్న పక్షంలో, తిరిగి ప్రవేశించడానికి కాన్సులేట్‌లో కొత్త ముద్ర వేయించుకోవాలి. దీనినే ‘స్టాంపింగ్’ అంటారు. ఉద్యోగ వీసాలకు ఈ పనిని అమెరికాలోపలే చేసే సదుపాయం 2004లో ఆగిపోయింది; 2024 ఆరంభంలో జరిగిన పరిమిత ప్రయోగం మినహా తిరిగి రాలేదు. అందువల్ల తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడన్న కబురు అందిన కొడుకు టికెట్టుకంటే ముందు స్టాంపింగ్ తేదీ దొరుకుతుందా, ‘221జీ’ కింద అదనపు పరిశీలనకు నిలిపివేస్తే ఉద్యోగం ఉంటుందా అని ఆలోచించవలసి వస్తుంది. 2020 జూన్‌లో హెచ్-1బీ, హెచ్-4 ప్రవేశాలపై, 2021 మే నుంచి భారతదేశంనుంచి వచ్చేవారిపై విధించిన ఆంక్షల కాలంలో, తల్లిదండ్రుల చివరిచూపుకు వచ్చి ఇక్కడే చిక్కుకుపోయినవారూ, ఆ భయంతో రాలేక కర్మకాండను ఫోన్ తెరపై చూసినవారూ ఉన్నారు. బెంగకు అనాదిగా ఉన్న ఒకే ఒక్క ఉపశమనం ఒకసారి వెళ్ళి చూసి రావడం. ఆ ఉపశమనమే భవిష్యత్తును పణంగా అడిగినప్పుడు బెంగ తగ్గే దారి లేక కోపంగా, నిస్పృహగా మారుతుంది.

హెచ్-4 వీసామీద వెళ్ళిన స్త్రీల అనుభవాన్ని విడిగా చూడాలి. వీరిలో ఇంజనీరింగ్, ఎం.బి.ఏ., వైద్య విద్యలు చదివినవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. భర్త గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశకు చేరిన తరువాత మాత్రమే పనిచేసే అనుమతినిచ్చే నిబంధన 2015 మే నెలలో వచ్చేవరకూ వారికి జీతం తెచ్చుకునే హక్కే లేదు. ఏమీ భట్ 2018లో వెలువరించిన గ్రంథమూ, పల్లవి బెనర్జీ 2022 నాటి గ్రంథమూ ఈ ఆధారిత స్థితి దాంపత్య సంబంధాలనే ఎలా మార్చివేస్తుందో వివరించాయి. ఇక్కడ ఉద్యోగం చేసి, సొంత బ్యాంకు ఖాతాతో తిరిగిన స్త్రీ అక్కడ బండి కొనాలన్నా, ఒక కోర్సులో చేరాలన్నా భర్త అనుమతికో ఆదాయానికో లోబడవలసి రావడాన్ని ‘అమ్మావాళ్ళమీద బెంగపెట్టుకుంది’ అనే ఒక్క మాటతో ఇంటివారు సరిపెట్టుకోవడం అన్యాయం. ఆమె కోల్పోయినది పుట్టిల్లు మాత్రమే కాదు, వృత్తి కూడా.

పిల్లల విషయం ఇంకా విచిత్రమైనది. రెండేళ్ళ వయసులో వెళ్ళి అమెరికా బడులలో పెరిగిన పిల్లవాడు, తల్లిదండ్రుల వరుస రాకముందే 21 ఏళ్ళు నిండితే, వారి దరఖాస్తులోంచి తొలగిపోయి, పెరిగిన దేశంలోనే విదేశీ విద్యార్థిగా వేరే వీసా తెచ్చుకోవాలి. 2002 నాటి చట్టం వయసు లెక్కింపులో కొంత వెసులుబాటు ఇచ్చినా దశాబ్దాల నిరీక్షణకు అది సరిపోదు. అదే ఇంట్లో అమెరికాలో పుట్టిన తమ్ముడో చెల్లెలో ఆ దేశ పౌరులు.

చట్టం ఒక్కటే దారి మూయలేదు. షియాంగ్ బియావ్ హైదరాబాదులోనూ ఆస్ట్రేలియాలోనూ క్షేత్ర పరిశోధన చేసి 2007లో ప్రచురించిన గ్రంథం, ఆంధ్రదేశంనుంచి సాగిన సాఫ్ట్‌వేర్ వలసకు కట్నాలు, వ్యవసాయ కుటుంబాల మిగులు, కులబంధాలు, మనుషులను కంపెనీలకు సరఫరా చేసే దళారీ సంస్థలు ఎలా ఆధారమయ్యాయో చూపింది. ప్రాజెక్టు దొరికేదాకా జీతం లేకుండానో అరకొర జీతంతోనో ‘బెంచ్’ మీద గడపడం వ్యక్తిగత దురదృష్టం కాదనీ, నష్టభయాన్ని పనివాడిమీదకు నెట్టే ఏర్పాటనీ ఆయన వివరణ. పొలం తాకట్టుపెట్టి, బ్యాంకు రుణం తీసుకుని పంపిన కొడుకు, ‘అమెరికా సంబంధం’ పేరిట పెళ్ళయిన కొడుకు, ‘ఉండలేకపోయాను’ అని తిరిగివస్తే ఆ మాట అతనొక్కడితో పోదు. ‘ఎందుకొచ్చావు, ఉద్యోగం పోయిందా’ అని బంధువులు అడిగే ప్రశ్న వీసా అధికారి ప్రశ్నలకంటే కఠినంగా ఉంటుంది. ఫలితంగా బెంగను ఇంటికి చెప్పడమే మానుకుంటారు. వారాంతపు వీడియో కాల్‌లో కొత్త కారు కనిపిస్తుంది గాని కుంగుబాటు కనిపించదు. అల్జీరియానుంచి ఫ్రాన్స్‌కు వలసపోయినవారిని అధ్యయనం చేసిన అబ్దెల్‌మాలెక్ సయాద్ దీనిని ‘ద్వంద్వ గైర్హాజరీ’ అన్నాడు: విడిచివచ్చిన చోటా లేకపోవడం, ఉన్న చోటా పూర్తిగా లేకపోవడం. వలసదారులు తమ కష్టాన్ని దాచి ఊరికి సౌభాగ్యాన్నే చూపించడంవల్ల తరువాతివారూ అదే భ్రమతో బయలుదేరతారన్న ఆయన పరిశీలన తెలుగు ప్రాంతాలకు అక్షరాలా వర్తిస్తుంది.

ఈ వాదనకు బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. వీరు ఎవరి బలవంతంమీదా వెళ్ళలేదు; వీరి ఆదాయం అమెరికా సగటుకంటే బాగా ఎక్కువ; జగిత్యాల, నిజామాబాదు ప్రాంతాలనుంచి గల్ఫ్‌కు వెళ్ళి, ఏజెంటు అప్పు తీర్చడానికే ఏళ్ళు వెచ్చించే కూలీల కష్టంముందు వీరి అసంతృప్తి విలాసంలా కనిపించవచ్చు. గల్ఫ్ కార్మికుని శ్రమ అంతకంటే క్రూరమైన పరిస్థితులలో సాగుతుందన్నది నిర్వివాదం. కాని అతని వలసలో ఒక స్పష్టత ఉంది: ఆ దేశం అతనికి పౌరసత్వం ఇస్తానని ఎన్నడూ ఆశపెట్టలేదు, అతని ఇల్లు ఎక్కడో అతనికి తెలుసు. హెచ్-1బీ కుటుంబానికి చట్టమే స్థిరపడవచ్చునని ఆశపెట్టి, ఆ ఆశ తీరే తేదీని మాత్రం చెప్పదు. పిల్లల చదువు, అమ్మానాన్నల వృద్ధాప్యం, ఇల్లు కొనడం వంటి ప్రతి నిర్ణయమూ ఆ తేదీకోసం ఆగుతుంది. ఆదాయం ఈ లోటును పూడ్చదు.

కనుక ఈ కుటుంబాలను ‘అడ్జస్ట్ అవ్వండి, కొన్నాళ్ళు పోతే అలవాటవుతుంది’ అని ఓదార్చడం శాస్త్రీయంగా తప్పు. వలసవెళ్ళి ఎన్నేళ్ళయిందన్న లెక్కకు బదులు వరుసలో ఎంత దూరాన ఉన్నారు, చివరిసారి నిర్భయంగా ఇంటికి వచ్చి వెళ్ళినది ఎప్పుడు, తిరిగివస్తే ఆదరించే ఇల్లు ఉందా అన్న ప్రశ్నలతో అసంతృప్తిని కొలవాలి. రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలలోని సామాజిక శాస్త్ర, మనస్తత్వ శాస్త్ర విభాగాలు విజయగాథలకు ఇచ్చే శ్రద్ధలో కొంతైనా తిరిగివచ్చినవారికి ఇచ్చి, గుంటూరు, కృష్ణా, కరీంనగర్, ఖమ్మం జిల్లాలలోని అలాంటి కుటుంబాల అనుభవాలను వారి మాటల్లోనే సేకరించవలసి ఉంది. పంపిన తల్లిదండ్రులు కూడా, ఉండలేనివాడు వెనక్కి రావచ్చుననీ వస్తే తలవంపు కాదనీ, పిల్లలు బయలుదేరే ముందే నోరు తెరిచి చెప్పాలి.