స్పాక్ కథను గుర్తుపెట్టుకున్నవారు

ధారావాహిక అనగానే మనకు తోచేది వారం వారం సాగే కథ. క్రితం వారం అలిగి వెళ్ళిపోయిన తమ్ముడు ఈ వారం వాకిట్లో నిలబడితే, ఆ అలక సంగతి రచయితకూ గుర్తుంటుంది, మనకూ గుర్తుంటుంది. 1960లలో అమెరికా టెలివిజన్‌లో రాత్రిపూట వచ్చిన కథలు చాలావరకు ఈ తీరువి కావు. ఏ వారం కథ ఆ వారంతో సరి. దీనికి వ్యాపార కారణం ఒకటి ఉంది. తొలి ప్రసారం అయిపోయాక ఆ భాగాలను ఊరూరి కేంద్రాలకు అమ్ముకోవాలి. అక్కడివారు వాటిని వరుస తప్పి వేసినా నష్టం రాకూడదు. కాబట్టి కథానాయకుడు ఎంత దుఃఖం అనుభవించినా, పై వారానికి ఏమీ ఎరగనట్టు తిరిగి రావలసిందే.

1966 సెప్టెంబరు 8న ఎన్.బి.సి.లో మొదలైన స్టార్ ట్రెక్ కూడా ఈ కట్టుబాటుకు లోబడినదే. 1967 ఏప్రిల్ 6న వచ్చిన భాగంలో నౌకానాయకుడు కర్క్, చరిత్రను నిలబెట్టడం కోసం తాను ప్రేమించిన స్త్రీని కళ్ళ ఎదుటే చావనిస్తాడు. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 13న, అతని అన్న చనిపోతాడు. మొదటి చావు ప్రస్తావన రెండవ కథలో లేదు. రెండవ కథ ముగిసేసరికి అన్నను పోగొట్టుకున్నవాడు సహచరులతో హాస్యాలాడుతూ ఉంటాడు! ఇటువంటి చోట పాత్ర ఎదుగుదలకు తావెక్కడిది?

అయినా ఆ ధారావాహికలో ఒక పాత్ర ఎదిగింది. తండ్రి వల్కన్ గ్రహవాసి, తల్లి భూలోక స్త్రీ అయిన స్పాక్. తెర మీద లేని జ్ఞాపకాన్ని తెర బయట దాచిపెట్టి, దానితో ఈ పాత్రను నిలబెట్టినవారిలో ప్రేక్షకుల పాలు చిన్నది కాదని నా అభిప్రాయం.

మొదట స్పాక్ ఇటువంటివాడు కాదు. ఎన్.బి.సి. వద్దన్న తొలి నమూనా చిత్రంలో భావరహితురాలు మరొకరు: 'నంబర్ వన్' అనే స్త్రీ అధికారి. స్పాక్ అందులో గట్టిగా అరుస్తాడు, పాడే ఆకులను ముట్టుకొని పళ్ళు కనబడేలా నవ్వుతాడు. ఆమె పాత్రను తీసివేశాక ఆ చల్లదనం ఇతనికి సంక్రమించింది. ఖర్చు కలిసివస్తుందని 1966 నవంబరులో ఆ పాత చిత్రాన్ని ఒక రెండు భాగాల కథలో ఇమిడ్చి, పదమూడేళ్ళ కిందటి సంఘటనగా చూపించారు. నిర్మాతలకు అది పొదుపు. అభిమానులకు మాత్రం అది స్పాక్ జీవితచరిత్రలో ఒక అధ్యాయం. పదమూడేళ్ళ కిందట నవ్వినవాడు ఇప్పుడెందుకు నవ్వడు? ఈ మధ్యకాలంలో ఏం జరిగింది? రచయితలు వేసుకోని ప్రశ్నలు వీరు వేసుకున్నారు.

నటుడు లెనార్డ్ నిమాయ్ చేసిన ఒక పని కూడా ఇక్కడ చెప్పాలి. 1966 సెప్టెంబరు 29 నాటి కథలో నౌకలోని వారందరికీ మనసు అదుపు తప్పే జబ్బు సోకుతుంది. స్పాక్ నడవలో ఏడుస్తూ పోతుంటే ఎవరో వచ్చి అతని ముఖానికి రంగుతో మీసం దిద్దడం ముందు అనుకున్న దృశ్యం. నిమాయ్ అది కాదని, స్పాక్ ఒక గదిలోకి వెళ్ళి తలుపు మూసుకున్నాక మాత్రమే ఏడవాలన్నాడు. ఆ ఏడుపు మొదలైనప్పుడు చూసినవాళ్ళం మనం మాత్రమే. తరువాతి వారాలలో స్పాక్ కనుబొమ ఎత్తి తర్కం మాట్లాడినప్పుడల్లా, ఆ తలుపు వెనుక ఏముందో చూసేవాడికి తెలుసు. ఆ కథ తరువాత నిమాయ్‌కి వచ్చే ఉత్తరాలు విపరీతంగా పెరిగాయట. పెరగవా మరి!

1967 సెప్టెంబరులో, రెండవ సంవత్సరపు ప్రసారాలు మొదలైన నెలలోనే, న్యూయార్కులో దేవ్రా లాంగ్‌సామ్, షెర్నా కామర్‌ఫర్డ్ అనే ఇద్దరు యువతులు 'స్పాకనేలియా' అనే పత్రిక తెచ్చారు. పూర్తిగా స్టార్ ట్రెక్ కోసమే వెలువడిన తొలి అభిమాన పత్రిక ఇది. స్టెన్సిల్ మీద టైపు కొట్టి, సైక్లోస్టైల్ తీసి, కాగితాలు ఒకటొకటే పేర్చి కుట్టిన పత్రిక. (మన చిన్న పత్రికలు కొన్ని అలా పుట్టినవే. ఆ సిరా వేళ్ళకు అంటుకుంటే ఒక పట్టాన వదలదు.) అందులో వల్కన్ల శరీరధర్మం మీద, మనస్తత్వం మీద వ్యాసాలు, కవితలు, నిమాయ్ రాసిన ఒక లేఖ ఉన్నాయి. రాసినవారిలో ఎక్కువమంది స్త్రీలు. వారు ఆకాశనౌకల వేగం గురించి రాయడం తక్కువ. రెండు ఇళ్ళకూ చెందనివాడు ఎలా బతుకుతాడు అన్నదే వారి చింత. దీన్ని తమ కార్యాలయంలో అందరూ తప్పక చదవాలని పెట్టామని నిర్మాత జీన్ రాడెన్‌బెరీ ఆ పత్రికకు రాశాడు. నిర్మాతల మర్యాద మాటలకు కొంత తరుగు తీయాలి. తీసినా కొంత మిగులుతుంది.

తెర వైపు నుంచి ఈ చింతను అందుకున్న రచయిత్రి డొరతీ ఫాంటానా. డి. సి. ఫాంటానా అని పొడి అక్షరాలు పెట్టుకొని రాసేది. స్త్రీ పేరు కనబడితే అవకాశాలు తగ్గే కాలం అది. మరొక పాత్ర కోసం ఉద్దేశించిన ప్రేమకథను తిరగరాసి స్పాక్‌కు ఇచ్చింది ఆమే. 1967 నవంబరు 17న వచ్చిన కథలో అతని తల్లిదండ్రులను తెర మీదికి తెచ్చింది కూడా ఆమే. తండ్రి సారెక్, కొడుకు స్పాక్ పద్దెనిమిదేళ్ళుగా తండ్రీకొడుకులుగా మాట్లాడుకోలేదు. నువ్వు నిజమైన వల్కన్‌వి కావని తోటి పిల్లలు ఏడిపిస్తే, అయిదేళ్ళవాడు పెదవి బిగబట్టుకొని ఇంటికి వచ్చిన సంగతి తల్లి గుర్తుచేస్తుంది. నా మట్టుకు నాకు ఆ ధారావాహిక మొత్తంలో అన్నిటికంటె దగ్గరగా తగిలిన మాట అదే.

తగిలింది నా ఒక్కడికే కాదు. 1968లో ఒక అమెరికన్ యువజన పత్రికకు ఒక బాలిక ఉత్తరం రాసింది. తల్లి నల్లజాతి స్త్రీ, తండ్రి తెల్లవాడు. ఏ గుంపూ ఆమెను కలుపుకోవడం లేదు. ఉత్తరం నిమాయ్‌కి కాదు, స్పాక్‌కి. నిమాయ్ వివరంగా జవాబు రాశాడు, స్పాక్ బాల్యాన్నే ఉదాహరణగా తీసుకొని. నలుగురి మెప్పుకోసం తనను తాను వదులుకోనక్కరలేదని అతను నేర్చుకున్నాడని చెప్పాడు. ఆ బాల్యం అప్పటికి తెర మీద నాలుగు మాటలే. 1973లో బొమ్మల ధారావాహికగా స్టార్ ట్రెక్ మళ్ళీ వచ్చినప్పుడు, ఆ ఏడిపించే పిల్లలను, ఆ చిన్న స్పాక్‌ను ఒక పూర్తి కథగా చూపించింది. రాసింది మళ్ళీ ఫాంటానాయే.

ధారావాహికను ఆపేస్తారన్న వార్త పుట్టినప్పుడు బిజో, జాన్ ట్రింబుల్ దంపతులు నడిపిన ఉత్తరాల ఉద్యమం గురించి చాలామంది రాశారు. లక్షకు పైగా ఉత్తరాలు వెళ్ళాయి. 1968 మార్చి 1న, కార్యక్రమం కొనసాగుతుందని ఎన్.బి.సి. ప్రసారంలోనే ప్రకటించింది. అయినా 1969 జూన్ 3తో, 79 భాగాలకు, ముగిసింది.

జ్ఞాపకం దాచినవారికి హక్కు ఉంటుందా అన్న తగవు 1982లో వచ్చింది. రెండవ చలనచిత్రంలో స్పాక్ చనిపోతాడన్న సంగతి ముందే పొక్కింది. అభిమానులు మండిపడ్డారు. దర్శకుడు నికొలస్ మేయర్ ఉపాయంగా, చిత్రం మొదటి నిమిషాలలోనే స్పాక్ ఒకసారి ఉత్తుత్తిగా పడిపోయే శిక్షణ దృశ్యం పెట్టాడు. పొక్కిన వార్త ఇదే కాబోలని జనం ఊపిరి పీల్చుకున్నాక, చివర నిజంగా చంపాడు. ఇక్కడ నేను అభిమానుల పక్షం కాదు. ఆ మరణం లేకపోతే, స్నేహం అన్న మాటను స్పాక్ తన నోట అంత స్పష్టంగా అనే సందర్భం రాదు. వారు పదిహేనేళ్ళుగా వాదిస్తూ వచ్చినది అదే కదా. 1984 చిత్రంలో అతను తిరిగి బతకడమే నాకు కొంత చప్పగా ఉంటుంది. ఈ మాటకు నాతో పోట్లాడేవారు ఉంటారని తెలుసు.

స్పాకనేలియా తొలి సంచికలో డొరతీ జోన్స్ అనే రచయిత్రి వల్కన్ భాషలో ఒక మాట కల్పించింది: 'ని వార్'. రెండు రూపాలు అని అర్థం. ఒకే వస్తువులోని రెండు స్వభావాలను ఎదురెదురుగా నిలిపి చూపే కళారూపానికి ఆమె పెట్టిన పేరు అది. స్పాక్‌ను ఇంతకంటె క్లుప్తంగా చెప్పినవారు లేరు. ఆ మాట అభిమానుల కథలలో తిరిగి, 2002లో ఒక కొత్త ధారావాహికలో వల్కన్ నౌకకు పేరయింది. 2020లో వచ్చిన స్టార్ ట్రెక్ డిస్కవరీ కథ చాలా శతాబ్దాల తరువాతి కాలానిది. అప్పటికి వల్కన్లు, వారి నుంచి ఏనాడో చీలిపోయిన రోములన్లు ఒకే గ్రహం మీద కలిసి ఉంటున్నారు. స్పాక్ పుట్టి పెరిగిన ఆ గ్రహాన్ని వల్కన్ అనడం మానేశారు. దాని పేరు ని వార్.