తుపాకీ దించి కెమెరా పట్టిన కథ

సఫారీ అనగానే మనకు ఆఫ్రికా గడ్డి మైదానాలు, జీపులో నిలబడి ఏనుగులకు ఫోటోలు తీసేవాళ్లు గుర్తుకొస్తారు. ఇది స్వాహిలీ భాషలోని మాట. ప్రయాణం అని అర్థం. అరబ్బీ మాట ‘సఫర్’ నుంచి వచ్చింది. ఉర్దూలో కూడా ప్రయాణాన్ని సఫర్ అనే అంటారు. అయితే నూరేళ్ల కిందట తెల్లదొరలు సఫారీకి బయలుదేరారంటే అది ఎక్కువగా వేటకే. మరి తుపాకీ ఉన్న చేతిలోకి కెమెరా ఎట్లా వచ్చింది? దానివల్ల ఎవరికి మేలు జరిగింది, ఎవరికి నష్టం జరిగింది?

మొదట్లో కెమెరా, తుపాకీ రెండూ కలిసే ప్రయాణం చేశాయి. కార్ల్ గియోర్గ్ షిల్లింగ్స్ అనే జర్మన్ ఇప్పటి టాంజానియా ప్రాంతంలో రాత్రిపూట జంతువుల ఫోటోలు తీశాడు. అప్పట్లో బరువైన కెమెరాలు, గాజు పలకలు మోసుకుపోవాలి. వెలుతురు కోసం మెగ్నీషియం పొడిని మండించాలి. నీళ్ల దగ్గర ఒక తీగ కట్టి ఉంచేవాడు. జంతువు దాన్ని తగిలితే మెరుపులాగా వెలుగు వచ్చి ఫోటో పడేది. 1905లో అచ్చయిన ఆయన పుస్తకం పేరులోనే మెరుపు దీపం, తుపాకీ రెండూ ఉన్నాయి. అడవిలో తిరిగే జంతువును బతికుండగా చూపించవచ్చని ఆ ఫోటోలు జనానికి తెలియజేశాయి.

1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పెద్ద సఫారీకి వెళ్లాడు. ఆయన, కొడుకు కెర్మిట్ కలిసి 512 జంతువులను చంపారు. అందులో 11 ఏనుగులు. ఇవి ఎక్కువగా మ్యూజియం కోసమే అన్నారు. ఆ ప్రయాణంలో ఫోటోలు తీసింది కూడా కెర్మిటే. అంటే చంపిన చెయ్యి, ఫోటో తీసిన చెయ్యి ఒకటే!

కార్ల్ ఏక్లీ కథ ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఈయన మ్యూజియంల కోసం జంతువులను చంపి, చర్మాలతో బొమ్మలు తయారుచేసేవాడు. 1910లో కెన్యా పర్వతం దగ్గర ఒక ఏనుగు ఆయన మీద పడి చావు అంచుదాకా తీసుకుపోయింది. తర్వాత, కదిలే జంతువులను సులువుగా తీయడానికి ఒక కొత్త సినిమా కెమెరా తయారుచేశాడు. 1921లో కాంగోకు వెళ్లి గొరిల్లాలను చంపాడు, ఆ కెమెరాతో సినిమా కూడా తీశాడు. కానీ వాటిని దగ్గరగా చూశాక మనసు మారింది. వాటిని కాపాడాలని బెల్జియం ప్రభుత్వం వెంటపడ్డాడు. 1925లో అక్కడ నేషనల్ పార్కు ఏర్పడింది. ఇప్పుడు దాన్నే విరుంగా అంటున్నారు. మరుసటి ఏడాది ఆయన అదే కొండల్లో చనిపోయాడు.

1965లో ఇయాన్ డగ్లస్ హామిల్టన్ అనే యువకుడు టాంజానియాలోని మన్యారా సరస్సు దగ్గర ఏనుగుల మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఏ రెండు ఏనుగుల చెవులూ ఒకేలా ఉండవు. అంచున చిరుగులు, రంధ్రాలు, నరాల గీతలు మన వేలిముద్రల్లాగా వేరువేరుగా ఉంటాయి. ఆయన ఒక్కొక్క ఏనుగుకు ఫోటో తీసి, ఎవరు తల్లి, ఎవరు బిడ్డ, మందను నడిపించేది ఎవరు అని రాసుకున్నాడు. మందకు పెద్ద దిక్కు ముసలి ఆడ ఏనుగేనని ఈ పని వల్ల బాగా తెలిసింది. ఇక్కడ ఫోటో గోడకు తగిలించుకునే అలంకారం కాదు. మన స్కూలు హాజరు పట్టీ లాంటిది. ఏ ఏనుగు కనిపించడం లేదో వెంటనే తెలిసిపోతుంది.

ఆ లెక్కలు పనికొచ్చాయి కూడా. 1979లో ఆఫ్రికాలో సుమారు 13 లక్షల ఏనుగులు ఉండేవని అంచనా. పదేళ్లలో దంతాల కోసం చంపి చంపి దాదాపు 6 లక్షలకు తెచ్చారు. 1977లోనే వేటను నిషేధించిన కెన్యా, 1989 జూలైలో దొంగల దగ్గర పట్టుకున్న 12 టన్నుల దంతాలను నైరోబీలో తగలబెట్టింది. మండుతున్న ఆ గుట్ట ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. అదే ఏడాది దేశాల మధ్య దంతాల వ్యాపారాన్ని నిషేధించే ఒప్పందం కుదిరింది.

ఇంతవరకూ వింటే కెమెరా అంతా మంచే చేసింది అనిపిస్తుంది. కానీ ఫోటోలో పడనివాళ్లు కూడా ఉన్నారు. ఆ బరువైన పెట్టెలు మోసింది, అడుగుజాడలు చూసి దారి చూపింది ఆఫ్రికా మనుషులే. వాళ్లలో ఎక్కువమంది పేర్లు మనకు తెలియవు. 1959లో బెర్న్‌హార్డ్ జిమెక్, ఆయన కొడుకు మైఖేల్ తీసిన సెరెంగెటీ సినిమా లోకమంతా పేరు తెచ్చుకుంది, ఆస్కార్ కూడా గెలిచింది. విమానం కూలి మైఖేల్ ఆ పనిలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. కానీ మనుషులు లేని అడవే అసలైన అడవి అని జిమెక్ నమ్మకం. అదే ఏడాది సెరెంగెటీలో పశువులు మేపుకునే మాసాయి వాళ్లను అప్పటి బ్రిటిష్ పాలకులు పార్కు బయటకు పంపేశారు. సెరెంగెటీ అనే పేరు మాసాయి భాషదే. పేరు మిగిలింది, పేరు పెట్టినవాళ్లు బయటికి వెళ్లాల్సి వచ్చింది.

ఇది ఎక్కడో ఆఫ్రికా సంగతి అనుకోకూడదు. మన హోసూరు, దేన్కనికోట అడవుల నుంచి ఏనుగులు రాగి చేలల్లోకి వస్తే అందరం సెల్‌ఫోన్లు తీసి పరిగెత్తుతాం. ఆ ఫోటోలో ఏనుగు పడుతుంది. తొక్కిన పైరు, రాత్రంతా కావలి కాసిన రైతు పడరు. ఏనుగు దారి మీద కట్టిన గోడ కూడా పడదు. ఏనుగును కాపాడాలి, రైతునూ కాపాడాలి. ఫోటో చూసినప్పుడు ఎవరు తీశారు, ఎందుకు తీశారు, పక్కన ఎవరు మిగిలిపోయారు అని అడగడం నేర్చుకుంటే చరిత్ర పాఠం మనకు ఉపయోగపడినట్టే.